విడిపించారా, విడిపించుకున్నారా?



ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ చేరామో ఆ మాస్టారు బడిపిల్లలకు తెలుగు చెప్పినవారు. పర్యాయపదాల పాఠం ఆయన చెప్పే తీరే వేరు. ఒక మాటకు నాలుగు పర్యాయపదాలు రాస్తే సగం మార్కులే వేసేవారు. ఆ నాలుగింటినీ నాలుగు సొంత వాక్యాల్లో వాడి, ఒకదాని చోట ఇంకొకటి ఎందుకు ఒదగదో చెప్పినవారికే మిగతా సగం. ఆ పద్ధతిలోనే ఈ సాయంత్రం ఒక్క మాటను పట్టుకుని మాట్లాడతాను. అది ఇంగ్లీషులోని ‘ఫ్రీ’. చెరలో ఉన్న మనిషి బయటపడటాన్ని మనం, ముఖ్యంగా ఈ నగరంలోనూ దీని చుట్టుపక్కల పల్లెల్లోనూ, ఏమేమని చెప్పుకున్నాం, ఇప్పుడు ఏమని చెప్పుకుంటున్నాం అన్నది నా విషయం.

దీనికి హైదరాబాద్‌లోని ఈ హిమాయత్‌నగర్ తగిన చోటే. ఇక్కణ్నుంచి బషీర్‌బాగ్ వైపు నడిస్తే వచ్చే చౌరస్తా పేరు లిబర్టీ. ఒకప్పటి సినిమా హాలు పేరు అది. హాలు పోయినా పేరు నిలిచింది. ఆటోవాళ్లు, సిటీ బస్సు కండక్టర్లు పొద్దున లేచింది మొదలు పలికే ఆ మాటకు అర్థమేమిటని అడిగేవాళ్లు లేరు. ఇదే పేటలో తెలుగు అకాడమీ ఉంది. 1968లో పి.వి. నరసింహారావు చొరవతో పుట్టి, కాలేజీ చదువులు తెలుగులో సాగడానికి కావలసిన పారిభాషిక పదాలను తయారుచేసిన సంస్థ అది. ఇదే పేటలో ఉర్దూ హాల్ ఉంది. కమ్యూనిస్టు పార్టీ కార్యాలయం మఖ్దూం భవన్ కూడా ఇక్కడే. స్వేచ్ఛ, ఆజాదీ, విముక్తి అనే మూడు మాటలకు మూడు ఇళ్లు నడక దూరంలో ఉన్న పేట మనది.

ముందు ఇంగ్లీషు మాటలు చూద్దాం. వాటిని పరాయివని తోసేయలేం. మన నోళ్లలో అవి పనిని ఎంత కచ్చితంగా పంచుకున్నాయో గమనించండి. బదిలీ అయిన ఉద్యోగి పాత ఆఫీసు నుంచి రిలీవ్ అవుతాడు. రోగి ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అవుతాడు. నాంపల్లి కోర్టులో నిందితుడికి బెయిల్ దొరుకుతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమా రిలీజ్ అవుతుంది. బ్యాంకు అప్పు క్లోజ్ అవుతుంది. పని అయిపోయాక స్నేహితుడు ఫ్రీ అవుతాడు. చదువురానివాళ్లు కూడా ఆసుపత్రి నుంచి రిలీవ్ అయ్యామనీ ఆఫీసు నుంచి డిశ్చార్జ్ అయ్యామనీ అనరు. నిఘంటువులో ఒకదాని పక్కన ఒకటి కూర్చునే ఈ మాటలు వాడుకలో ఒకదాని గడప ఒకటి తొక్కవు.

వాటన్నిటిలోనూ ఒక పోలిక ఉంది. మనిషి ఏమీ చేయడు. అతనికి ‘అవుతుంది’, అతనికి ‘దొరుకుతుంది’. తలుపు తీసేది ఆఫీసో, ఆసుపత్రో, కోర్టో. అతను గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు. 2023 డిసెంబర్ 9న మన రాష్ట్రంలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేని ప్రయాణం మొదలైనప్పుడు జనం దానికి పెట్టుకున్న పేరు ఫ్రీ బస్సు. డబ్బు కట్టక్కర్లేదనే అక్కడి అర్థం. కానీ ఇంట్లో ఎవరినీ చార్జీ డబ్బులు అడగకుండా తల్లిగారింటికి వెళ్లొచ్చే ఒక కోడలి నోట ఆ ‘ఫ్రీ’లో ఇంకో అర్థం కూడా పలుకుతుంది. ఆ రెండో అర్థాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆ పథకం గురించి వాదించేవాళ్లు సగం మాటే విన్నారని నా నమ్మకం.

తెలుగు మాటల దగ్గరికొస్తే, వాటి కుదురు చాలావరకు ‘విడు’ అనే ఒక్క ధాతువు చుట్టూ అల్లుకుంది. విడుదల, విడుపు, వీడ్కోలు, విడాకులు, ఆటవిడుపు, పట్టువిడుపులు. గ్రహణానికీ విడుపే. తెలంగాణ నోట వకారం జారి ఇడిసిపెట్టుడు, ఇడిపించుడు అవుతాయి. కోర్టు గడప తొక్కకుండా కులపెద్దల ముందు రాసుకున్న తెగదెంపుల పత్రం ‘ఇడుపు కాయితం’. కాపురాన్ని తెంచే కాగితానికీ గ్రహణం వదలడానికీ ఒకే మాట సరిపోయిందంటే, పట్టి ఉన్నదేదో వదిలిందనే భావం తెలుగువాడికి అంత మౌలికమన్నమాట.

ఈ మాట పనిచేసే తీరును దగ్గరగా చూడాలంటే ఆబిడ్స్, నాంపల్లి సందుల్లో బంగారం మీద అప్పిచ్చే ఏ కొట్టు ముందైనా కాసేపు నిలబడితే చాలు. బిడ్డ ఫీజు కోసమో, ఇంట్లో ఎవరి ఆపరేషన్ కోసమో పుస్తెలతాడు గిరివి పెట్టిన ఇల్లాలు అసలూ మిత్తీ లెక్కబెట్టి గల్లా మీద పెడుతుంది. సేటు లోపలి నుంచి చిన్న పొట్లం తెచ్చి, దాని మీది నంబరూ చీటీ మీది నంబరూ సరిచూసి, విప్పి, కాటా మీద వేసి తూకం చూపిస్తాడు. చీటీని అడ్డంగా చింపేస్తాడు. ఆమె గోడవైపు తిరిగి తాడును అక్కడికక్కడే మెడలో వేసుకుంటుంది. ఇంటికి పోయి చెప్పేటప్పుడు “ఇడిపించుకొచ్చిన” అంటుంది. సేటు ఇడిసిపెట్టిండని అనదు. తాడు ఇడుదలైందనీ అనదు. ఆరు నెలలు కూరగాయల్లో, పాలల్లో మిగిల్చిన రూపాయలు ఆ క్రియలో ఉన్నాయి. పని చేసింది తనే అని ఆమె వ్యాకరణానికి తెలుసు.

ఆ వ్యాకరణం ‘కొను’ అనే చిన్న చేర్పులో ఉంది. వండింది, వండుకుంది. కోశాడు, కోసుకున్నాడు. విడిపించారు, విడిపించుకున్నారు. చేసిన పని ఫలం చేసినవారికే దక్కితే తెలుగు క్రియకు ‘కొను’ వచ్చి చేరుతుంది. వ్యాకరణాలు దీన్ని ఆత్మార్థకం అంటాయి. బడిలో ఒక పీరియడ్‌లో చెప్పి దాటేసే విషయమే. కానీ చరిత్రలో ఎక్కడ విముక్తి ప్రస్తావన వచ్చినా నేను ముందు వెతికేది ఈ ‘కొను’ కోసమే. అది ఉందా లేదా అన్నదాన్నిబట్టే ఆ కథ ఎవరిదో తెలుస్తుంది.

సంస్కృతం నుంచి వచ్చిన మాటలకు ‘ముచ్’ ధాతువు మూలం. ముక్తి, మోక్షం, విముక్తి, విమోచనం దాని సంతానమే. అమరకోశం మోక్షానికి ఇచ్చిన పేర్లలో కైవల్యం, నిర్వాణం, అపవర్గం ఉన్నాయి. అన్నీ ఈ లోకం దాటిన తర్వాతి సంగతులు. అందుకే తెలుగు ఇళ్లలో ఒక పెద్దాయన ముక్తి పొందారంటే ఆయన ఇక లేరని అర్థం. పంచాంగంలో గ్రహణానికి స్పర్శకాలం ఉన్నట్టే మోక్షకాలమూ ఉంటుంది. ఏళ్లుగా కదలని వంతెనకో ఫైలుకో మోక్షమెప్పుడని పత్రికలు శీర్షిక పెడతాయి. రసాయనశాస్త్రం పాఠంలో వేడిని బయటికి వదిలే చర్య ఉష్ణమోచక చర్య. నాగార్జునసాగర్ గేట్లు ఎత్తితే నీటి విడుదల, ఆర్థికశాఖ సంతకం పెడితే నిధుల విడుదల. ఏ నదీ తనను తాను విడిపించుకోదు, ఏ పద్దూ తన మీద తాను సంతకం పెట్టుకోదు. కాబట్టి ఆ చోట్ల ఈ మాటలు చక్కగా కుదిరాయి. బతికి ఉన్న మనిషి దగ్గరికి వచ్చేసరికే ఇబ్బంది.

ఆ ఇబ్బందిని దాటించిన రచయిత్రి వోల్గా. స్వేచ్ఛ అన్న మాటను జాతీయోద్యమపు ఉపన్యాసాల నుంచి తీసి ఒక ఆడమనిషి ఇంటి గదిలోకి, ఉద్యోగంలోకి, ఒంటరి నిర్ణయంలోకి తెచ్చి తన నవలకు పేరు పెట్టారు. తర్వాత ‘విముక్త’ అన్నారు. ఆ కథల సంపుటికి 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. విముక్తి భావం, విముక్త మనిషి. ఆ తేడాను తెలుగు పాఠకులు వెంటనే పట్టుకున్నారు.

ఇక సెప్టెంబర్ 17. ఈ నగరంలో ఆ తేదీ పేరెత్తితే చాలు, ముందు పేరు దగ్గరే తగువు మొదలవుతుంది.

జరిగింది అందరికీ తెలిసిందే అయినా క్రమం కోసం చెబుతాను. 1947 నవంబర్ 29న నిజాం ప్రభుత్వానికీ భారత ప్రభుత్వానికీ మధ్య యథాతథ ఒప్పందం కుదిరింది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17 సాయంత్రం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రేడియోలో కాల్పుల విరమణను ప్రజలకు తెలియజేశాడు. మరునాడు సంస్థానం సేనాని ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు లొంగిపోయాడు. చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యాడు. నిజాం మాత్రం రాజప్రముఖ్ హోదాలో 1956 దాకా ఉన్నాడు.

ఈ ఒక్క రోజుకు ఎన్ని పేర్లో చూడండి. కొందరు విమోచన దినమన్నారు. కొందరు విలీన దినమన్నారు. ఆ తర్వాత సైన్యం రైతుల మీదికి మళ్లింది కాబట్టి విద్రోహ దినమన్నవాళ్లున్నారు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినోత్సవమని నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో జెండా ఎగరేస్తే, అదే పొద్దున సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్ విమోచన దినోత్సవం జరిపింది. 2024లో కేంద్రం విమోచన దినోత్సవాన్ని గెజిట్‌లోకి ఎక్కించింది. అదే ఏడాది రాష్ట్రంలోని కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమని పేరు మార్చి మళ్లీ పబ్లిక్ గార్డెన్స్‌లోనే సభ పెట్టింది. ఉర్దూలో రాసినవాళ్లు సుఖూతె హైదరాబాద్ అన్నారు, హైదరాబాద్ పతనమని. పాతబస్తీ పెద్దలకైతే అది ఈ రోజుకీ పోలీస్ యాక్షన్. ఫలానా పెళ్లి పోలీస్ యాక్షన్‌కు ముందా వెనకా అని కాలాన్ని కొలుచుకునే గుర్తు అది.

వీటిలో ఏది సరైనదో తేల్చడానికి నేను ఇక్కడికి రాలేదు. మాస్టారి పద్ధతిలో ఒక్కో మాటనూ వాక్యంలో పెట్టి చూస్తాను. విమోచన అనే మాటకు కర్త కావాలి, కర్మ కావాలి. ఒకరు విమోచన కలిగించారు, ఇంకొకరు పొందారు. ఆ వాక్యంలో సైన్యం కర్త, ప్రజలు కర్మ. విలీనంలో ప్రజలు కర్మగా కూడా లేరు. ఒక రాజ్యం ఇంకో రాజ్యంలో కలిసింది, అంతే. సమైక్యత చెప్పేది కలిసిన తర్వాతి స్థితిని. దేని నుంచి బయటపడ్డామో అది చెప్పదు. సుఖూత్ పడిపోయిన కోట వైపు నిలబడి చూసిన మాట. పోలీస్ యాక్షన్ సైన్యం చేసిన పనికి ప్రభుత్వం పెట్టుకున్న మెత్తని పేరు. ఎవరి మాట వారికి న్యాయమే కావచ్చు. కానీ ఈ పేర్లన్నిటిలో ఎక్కడా ‘కొను’ లేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ సెప్టెంబర్‌లోనూ ఆ తర్వాతి వారాల్లోనూ ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముస్లింల మీద ఘోరమైన హత్యాకాండ జరిగింది. భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువగా చూసినా చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని తన నివేదికలో రాసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం చేతికి అందలేదు. అంతకుముందు నిజాం పక్షపు రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన హత్యలూ లూటీలూ ఎంత నిజమో ఇదీ అంత నిజం. ఒక పండుగకు పేరు పెట్టేవాళ్లు ఈ రెండు నిజాలనూ ఆ పేరు మోయగలదా అని ఆలోచించాలి. మోయలేని పేరు ఎంత గంభీరంగా ఉన్నా నేను దాన్ని ఒప్పుకోను.

మరి ‘కొను’ ఎక్కడుంది? నగరంలో జరిగిన సంతకాల్లో లేదు. నల్గొండ, వరంగల్ పల్లెల్లో ఉంది.

ఆ పల్లెల్లో చెర పేరు వెట్టి. దొర గడీకి చాకలి బట్టలు ఉతికి ఇవ్వాలి, కుమ్మరి కుండలు చేసి ఇవ్వాలి, మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వాలి, గౌడు కల్లు పోయాలి, ఊరికి వచ్చిన అధికారి సామాను ఎవరో ఒకరు తల మీద మోయాలి. కూలి లేదు. నాగుకు తెచ్చిన ధాన్యం పంట చేతికొచ్చేసరికి మిత్తితో పెరిగి, గింజలన్నీ గడీలోకే పోయేవి. గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. దొర ఎదురైతే తలపాగా విప్పి ‘బాంచన్ నీ కాల్మొక్త’ అనాలి. విడుచు అనే క్రియ ఆ పల్లెల్లో అప్పటిదాకా చెప్పులకు వాడిన మాట. మనుషులకు వాడలేదు.

1921లో ఈ నగరంలో పుట్టిన ఆంధ్ర జన సంఘం, దాని నుంచి ఎదిగిన ఆంధ్ర మహాసభ వెట్టిని తీర్మానాల్లోకి, కరపత్రాల్లోకి తెచ్చాయి. మాడపాటి హనుమంతరావు వంటి పెద్దలు దాన్ని చట్టం భాషలో, అర్జీల భాషలో చెప్పారు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడిగా భువనగిరిలో జరిగిన సభ తర్వాత ఆ మహాసభ పల్లె నోట ‘సంగం’ అయింది. ఆ తరం జ్ఞాపకాలు చదివినా, వాళ్ల పిల్లలు చెప్పేది విన్నా, విముక్తి అనే మాట అరుదుగా వస్తుంది. సంగం వచ్చింది, వెట్టి బందయింది అంటారు. బంద్ అంటే ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన కట్టు అన్న మాట. మనిషిని కట్టేసిన దాన్నే కట్టేశారు. అంతకంటే సూటిగా ఈ సంగతి చెప్పడం నాకు తెలియదు.

పాలకుర్తి చాకలి ఐలమ్మ కథను క్రియల వెంట నడిచి చూడండి. ఆమె భూమి కౌలుకు తీసుకుంది. దున్నుకుంది. నాటుకుంది. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు పంట కోసుకుపోవడానికి చేను మీదికి వచ్చారు. సంగం కార్యకర్తలు వాళ్లను తరిమారు. ఐలమ్మ తన పంట కోసుకుంది, ఇంటికి చేర్చుకుంది. కోర్టు బయటా లోపలా ఎన్ని ఒత్తిళ్లు వచ్చినా భూమిని నిలబెట్టుకుంది. ఎక్కడ చూసినా ‘కొను’. ఆమెను ఎవరూ విమోచన చేయలేదు. 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. అది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. కౌలు రైతు పేరు ఆ మెట్ల మీదికి ఎక్కిందంటే నాకు నిజంగా సంతోషం.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో చనిపోయాడు. సాయుధ పోరాటం అక్కడ రాజుకుంది. సంగం బలంగా ఉన్న ఊళ్లు దాదాపు మూడు వేలని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆ ఊళ్లలో భూములు పంచుకున్నారు, అప్పు పత్రాలు తగలబెట్టారు. అంటే 1948 సెప్టెంబర్ 17 వచ్చేనాటికే ఆ ఊళ్ల లెక్కలో విడుదల జరిగిపోయింది. ఆ తేదీ తర్వాత అక్కడ జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. నగరానికి పారిపోయిన దొరలు ఖద్దరు వేసుకుని మళ్లీ ఊళ్లలో దిగారు. పంచుకున్న భూములు లాక్కున్నారు. సైన్యం అడవుల్లో రైతు దళాలను వేటాడింది. పోరాటం 1951 అక్టోబర్ 21న విరమించేదాకా నడిచింది. జాగీర్లు 1949లో రద్దయ్యాయి, కౌలుదారులకు రక్షణనిచ్చే చట్టం 1950లో వచ్చింది. ఇవి మేలు చేసిన చట్టాలే. వాటి వెనక ఎవరి ఒత్తిడి ఉందో మరిచిపోతేనే అవి దానాలుగా కనిపిస్తాయి. అందుకే ఆ ఊళ్ల ముసలివాళ్లను సెప్టెంబర్ 17 గురించి అడిగితే కొందరు సంబరంగా చెబుతారు, కొందరు ముఖం తిప్పుకుంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పరు.

విముక్తి అనే మాట చట్టంలోకి ఎక్కి మనుషులకు అంటుకుపోయిన సందర్భం ఇంకొకటి ఉంది. బ్రిటిష్‌వాళ్లు 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులని రాసింది. మన దగ్గర స్టూవర్టుపురం, కావలి వంటి సెటిల్‌మెంట్లు అలా వచ్చినవే. ఎరుకల కుటుంబాలు అక్కడ హాజరు వేయించుకుంటూ బతికాయి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అప్పటినుంచి ప్రభుత్వ కాగితాల్లో వాళ్లు విముక్త జాతులు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ పేరు మీదే ఉన్నారు. విడుదలైన ఖైదీని బతికినంత కాలం విడుదలైన ఖైదీ అనే పిలిస్తే అతను విడుదలైనట్టా? ఆగస్టు 31ని విముక్తి దివస్‌గా జరుపుకునే యువకులు అడుగుతున్నది ఇదే. వాళ్లకు కావలసింది ఆ ముందున్న విశేషణం కాదు, తమ సొంత పేరు.

ఇక ఈనాటి సంగతి. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, 1975 అక్టోబర్ 25 నుంచి అమల్లో ఉన్నట్టు లెక్క. చట్టాలు చదివే అలవాటు లేనివాళ్లు కూడా దాని నిర్వచనాల సెక్షన్ ఒక్కసారి చదవాలి. దేశంలో వెట్టికి ఎక్కడెక్కడ ఏమేమంటారో ముప్పై దాకా పేర్లు అకారాది క్రమంలో రాశారు. పర్యాయపద నిఘంటువులో ఒక పుట చదువుతున్నట్టే ఉంటుంది. ఆ వరసలో మన నేలకు తెలిసినవి నాలుగు. భగేలా, జీతా, పాలేరు, వెట్టి. హైదరాబాద్ సంస్థానంలో అప్పుకింద ఏళ్లతరబడి దొర దగ్గర ఉండిపోయినవాడు భగేలా. కోస్తా జిల్లాల్లో ఏడాది లెక్కన కమతంలో ఉండేవాడు పాలేరు. జీతా దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగాలి. హిమాయత్‌నగర్‌లో జీతం అంటే ఒకటో తారీఖున బ్యాంకులో పడే డబ్బు. నూరు కిలోమీటర్ల అవతల పల్లెలో మొన్నటిదాకా ‘జీతం ఉన్నడు’ అంటే పిల్లవాణ్ని పశువుల దగ్గర పెట్టారని అర్థం, తండ్రి తెచ్చిన అప్పుకు కొడుకు రెక్కలు జమ అని అర్థం. ఒకే మాట ఒక ఇంట్లో సంపాదన, ఇంకో ఇంట్లో సంకెల. జీతగాడు అన్న పిలుపును మన ఇళ్లలో ఎంత తేలిగ్గా వాడేవాళ్లమో పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

ఆ చట్టంలో నాకు చాలా ఇష్టమైన సంగతులు రెండు. వెట్టికి కారణమైన అప్పు మొత్తం రద్దయిపోతుందని చెప్పి ఊరుకోకుండా, వెట్టివాడు ఉంటున్న ఇంటి నుంచి అతణ్ని ఖాళీ చేయించకూడదని కూడా రాశారు. విడిపించి రోడ్డు మీద నిలబెడితే అది విడుదల కాదని రాసినవాళ్లకు తెలుసు. అమలులో దీనికి గుర్తుగా చేతికి వచ్చేది విడుదల ధ్రువపత్రం. జిల్లా కలెక్టరో రెవెన్యూ డివిజనల్ అధికారో ఇస్తారు. ఆ కాగితం ఉంటేనే పునరావాస సాయం. 2016 పథకం ప్రకారం మగవారికి లక్ష, స్త్రీలకూ పిల్లలకూ రెండు లక్షలు, అక్రమ రవాణా వంటి మరింత దారుణమైన సందర్భాల్లో మూడు లక్షలు. దోషికి శిక్ష పడేదాకా ఆ డబ్బులో పెద్ద భాగం చేతికి రాదు, కేసులేమో ఏళ్లు పడతాయి. కూలీ తన ఊరికి వెళ్లిపోతాడు. కాగితం పెట్టెలో ఉంటుంది.

మన నగరం చుట్టూ ఇటుక బట్టీలున్నాయి. రంగారెడ్డి, మేడ్చల్, యాదాద్రి వైపు వెళ్తే కనిపిస్తాయి. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి. వర్షాకాలం అయ్యాక ఏజెంటు చేతి నుంచి అడ్వాన్సు తీసుకుని రైలెక్కితే మళ్లీ వానలు పడేదాకా బట్టీయే ఊరు. మట్టి తొక్కేది తండ్రి, అచ్చు పోసేది తల్లి, ఆరిన ఇటుకలు తిరగేసేది పిల్లలు. మనం కట్టుకున్న అపార్టుమెంట్ల గోడల్లో ఆ పిల్లల చేతి ముద్రలున్నాయి. వాళ్లలో అందరూ వెట్టివాళ్లు కారు. కానీ అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోతే, సొంత ఊళ్లో చావు జరిగినా పంపకపోతే, దాన్ని చట్టం వెట్టి అంటుంది. యజమాని దాన్ని అడ్వాన్సు అంటాడు. ఏజెంటు ఒప్పందం అంటాడు. తనిఖీకి వచ్చిన అధికారి తన నివేదికలో వలస కూలీలని రాస్తే ఆ కుటుంబానికి విడుదల పత్రం రాదు. ఒక్క మాట ఎంపిక మీద ఒక కుటుంబం అప్పు రద్దవుతుందో మిగులుతుందో తేలిపోతుంది. పర్యాయపదాల పాఠం మార్కుల కోసం కాదని నేను అనేది ఇందుకే.

అకాడమీ పేటలో నిలబడి అకాడమీలను ఒకటి కోరతాను. పర్యాయపద నిఘంటువుల సంప్రదాయం మనకు కొత్తది కాదు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం పద్యాల్లోనే ఆ పని చేసింది. ఈ కాలంలో జి.ఎన్. రెడ్డి గారి తెలుగు పర్యాయపద నిఘంటువు బల్ల మీద లేని రచయిత తక్కువ. కానీ విడుదల, విముక్తి, విమోచన అని కామాలు పెట్టి రాసినప్పుడు ఎవరు, దేని నుంచి, ఎవరి చేత అన్న మూడు ప్రశ్నలూ ఆ కామాల కింద పడిపోతాయి. వేరే దారి మనకు ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటాన్ని వ్యవసాయం మీద తెచ్చారు. ఊరూరా రైతుల దగ్గరికి మనుషులను పంపి, నాగలిలోని ప్రతి భాగానికీ ఏ జిల్లాలో ఏమంటారో రాయించారు. తర్వాత చేనేత మీద వచ్చింది. అప్పుకు, వెట్టికి, వాటి నుంచి బయటపడటానికి అలాంటి సంపుటం రాలేదు. నాగు, గిరివి, దస్తావేజు, జీతం, ఇడుపు, బాకీ తీరుడు, నిమ్మళపడుడు, గట్టెక్కుడు, ఇవన్నీ వృత్తిపదాలే. బతకడమనే వృత్తికి సంబంధించినవి.

వెట్టి కళ్లారా చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలినవాళ్లు తొంభై దగ్గరకొచ్చారు. జనగామ, సూర్యాపేట, మహబూబాబాద్ వైపు ఏ ఊరికి వెళ్లినా ఒకరిద్దరు దొరుకుతారు. ముందు వాళ్ల దగ్గరికి పోవాలి. విమోచనా విలీనమా అని అడగొద్దు. వెట్టి పోయిన రోజు ఇంట్లో ఏమనుకున్నారని అడగాలి, వాళ్లు వాడిన క్రియను వాళ్లు పలికినట్టే రాసుకోవాలి. తర్వాత బట్టీలకు పోవాలి. వానలు మొదలయ్యే ముందు, మే నెల చివర్లో, అడ్వాన్సు లెక్క చూసే రోజులు వస్తాయి. హిసాబ్ అంటారు. ఒడియా తెలిసినవారొకరు, తెలుగు తెలిసినవారొకరు జంటగా ఒక్కో బట్టీ దగ్గర ఉంటే చాలు. లెక్క తేలిన కుటుంబం రైలెక్కే ముందు తమలో తాము ఏమనుకుంటుందో, లెక్క తేలని కుటుంబం ఏమనుకుంటుందో రాయించవచ్చు. తెలుగు శాఖలున్న విశ్వవిద్యాలయాలు ఈ నగరంలో ఉన్నాయి. మాస్టారి స్మారక నిధి తరఫున వచ్చే వేసవికి మొదటి జంట ఖర్చు భరించమని నిర్వాహకులను ఈ వేదిక మీదే అడుగుతున్నాను.